ఎత్తుకోవద్దని చెప్పింది నేనే

ఇన్నేండ్లు ఈ మాటను గొంతులోనే పెట్టుకొని తిరిగిన. ముద్ద దిగాలన్నా దాని పక్క నుంచే దిగాలె, నవ్వు రావాలన్నా దాన్ని దాటుకొనే రావాలె. ఎవరికీ కనపడలేదు. కనపడనియ్యకుండ బతకడం నాకు బాగానే చేతనైంది. ఇప్పుడు చెప్తున్న. మీరు నన్ను మన్నించాలని కాదు. ఆ హక్కు మీది కాదు. నడుమ అడ్డం రాకుండ వినండి, చాలు.

నేను సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్త. గుంపులో పడితే మనిషి ఎందుకు మారిపోతడు, పక్కనున్నోళ్లంతా ఔనంటే తన కండ్లతో చూసింది కూడ కాదని ఎందుకంటడు, ఇవే నా పాఠాలు. బాగా చెప్తదని పేరుంది. బాగా చెప్పక ఏం జేస్త? పుస్తకం చదివి నేర్చుకున్న ముచ్చట కాదు గద.

పీజీ అయిపోయిన కొత్తలో మా సార్ ఒక పరిశోధన చేస్తుంటే అందులో పనికి చేరిన. టీబీ గురించి ఊర్లల్ల జనం ఏమనుకుంటున్నరు, ఒక్కొక్కరిని విడిగా అడిగితే ఒక మాట, అందరి నడుమ అడిగితే ఇంకో మాట ఎందుకొస్తది, ఇదీ ఆయన చూడాలనుకున్నది. మునగాల దిక్కు కొన్ని ఊర్లు ఎంచుకున్నరు. నా పని చిన్నదే. నర్సింగ్ చదివే పిల్లను, చుట్టపుచూపుగా వచ్చిన అని చెప్పుకొని ఆడవాళ్ల నడుమ కూసోవాలె. ముచ్చట టీబీ మీదికి రాంగనే ఒక తప్పు మాట గట్టిగా అనాలె: గోళీలు మింగి తగ్గినా సరే, అది పక్కోళ్లకు అంటుకుంటనే ఉంటది, సచ్చేదాక. ఆ మాటకు ఎంతమంది నా దిక్కు తిరుగుతరో సార్ మనుషులు చూస్తరు. మర్నాడు సార్, ఒక డాక్టర్ వచ్చి, నిన్న ఆ పిల్ల అన్నది అబద్ధం, మేమే అనిపించినమని అందరికీ విప్పి చెప్తరు.

రోగం మీద అబద్ధం చెప్పి మనుషుల్ని ఒక్క రోజైనా దానితో ఉంచడం ఏం న్యాయం అని మీరు అడగొచ్చు. అడగండి. దానికి సార్ జవాబు చెప్పాలె. నేను చెప్పబోయేది అది కాదు.

ఆ ఊర్లో ఆడవాళ్ల సంఘం బిల్డింగ్‌లో కూసున్నం. నేను ఆ మాట అన్న. మూలకు కూసున్న ఒక ముసలామె, "మా అత్తకు వచ్చి తగ్గింది గదా, మేమంతా ఒక్క కంచంలనే తిన్నం" అన్నది. నేను ఆమె దిక్కు చూసి కొంచెం నవ్విన, తెలియనోళ్లను చూసి నవ్వినట్టు. మిగిలినోళ్లు నా ముఖం చూసిన్రు, ఆమె ముఖం చూసిన్రు. ఒకామె నిజమేనన్నది. ఆ వెనుక ఇంకొకామె. చివరికి ఆ ముసలామె కూడ కొంగు సర్దుకొని, "ఏమో, సదువుకున్న పిల్ల, దానికే ఎరుక" అన్నది. ఒక్క మాటతో అంతమంది నా దిక్కు ఒరిగిన్రు. అప్పుడు నా ఒంట్లో ఒక వేడి పారింది. ఇంట్ల నేను మాట్లాడితే వినేటోళ్లు లేరు. అక్కడ నేనేమంటే అదే.

మీటింగ్ ఖతమైంది. నేను బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డ. వెనుక నుంచి ఒకామె వచ్చింది. ఆమెను సైదమ్మ అంటా. అసలు పేరు అది కాదు. గొర్ల కాపరుల ఇంటామె, నలభై దాటి ఉంటది. మీటింగ్‌లో ఒక్క మాట మాట్లాడలేదు.

"బిడ్డా, నువ్వన్నది నిజమేనా?" అన్నది.

"ఏది పెద్దమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "నాకు అచ్చింది గా జబ్బు. మా ఇంటాయనకు దప్ప ఎవరికీ ఎరుక లేదు. గోళీలన్నీ మింగిన. దవాఖాన్ల పరీక్ష జేసి పోయిందన్నరు. నా బిడ్డను కోదాడల ఇచ్చిన, తొలిసూరు కాన్పు. వచ్చే నెల తోల్కరావాలె. పుట్టే పిల్లను నేను ఎత్తుకోవచ్చునా?"

ఇక్కడ ఆగాలె నేను. రాయబుద్ధి కాక కాదు. ఆ బయట ఎవరూ నన్ను చూస్తలేరని మీకు చెప్పాలె. మీటింగ్ అయిపోయింది. సార్ చెప్పిన మాట బిల్డింగ్ లోపలికే. బయట ఎవరితోనూ ఆ ముచ్చట మాట్లాడొద్దని, ఎవరైనా అడిగితే వెంటనే తనకు చెప్పాలని కూడ అన్నడు. "ఎత్తుకో పెద్దమ్మా, నేనన్నది ఉత్తదే" అంటే అయిపోతుండె. పరిశోధన పాడైతే పాడైతుండె, నాకేం పోయేది?

"ఎత్తుకోకపోతేనే మంచిది పెద్దమ్మా" అన్న.

"ఎన్నడూనా?"

"నీకు పిల్ల మీద పావురం, ప్రేమ ఉంటే, దూరం ఉండాలె."

ఆమె తలూపింది. నాకు దండం పెట్టింది. ఆటో వచ్చింది, ఎక్కిన.

ఎందుకు అన్న? లోపల పారిన వేడి ఇంకా చల్లారలేదు. నన్ను నమ్మిన ముఖం ఒకటి ఎదురుగ ఉండె, దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు. అంతకన్నా పెద్ద కారణం ఎంత తవ్వినా దొరకలేదు. చిన్నతనం అని నాకు నేనే చెప్పుకున్న చాన్నాళ్లు. చిన్నతనం కాదు. ఇరవై మూడేండ్ల మనిషికి పసిపిల్ల అంటే ఏందో తెలుస్తది.

మర్నాడు సార్, డాక్టర్ వచ్చి అందరికీ నిజం చెప్పిన్రు. ఆడవాళ్లు నవ్విన్రు, ఒకామె నన్ను ఉత్తుత్తగ కొట్టింది. సైదమ్మ రాలేదు. పొద్దుగాల బస్సుకే కోదాడ పోయిందన్నరు. ఆమె జబ్బు ఎవరికీ ఎరుక లేదు గనక, తిరిగొచ్చినంక ఆమెకు ఈ ముచ్చట చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. సార్ నన్ను పక్కకు పిలిచి, బయట నిన్ను ఎవరైనా ఏమన్నా అడిగిన్రా అన్నడు. ఎవరూ అడగలేదు సార్ అన్న. అడిగిన్రంటే నేనేమన్ననో చెప్పాలె. చెప్తే పని పోతది, పీహెచ్‌డీకి ఆయన రాసిచ్చే మాట పోతది. ఆ అబద్ధం మొదటిదాని కన్నా సులువుగ వచ్చింది.

తర్వాతైనా పోవచ్చు గదా? పోవచ్చు. హైవే మీద ఎన్నిసార్లు కోదాడ పోలేదు. ఆ ఊరి బస్సు స్టేజీ రాంగనే ఫోన్ చూసుకునేదాన్ని.

ఏండ్లు గడిచినయ్. పోయిన చలికాలం మా కాలేజీ పిల్లలతో ఆరోగ్యం మీద క్యాంపు పెడితే, మాకిచ్చిన ఊరు అదే. వద్దనడానికి నోరు రాలేదు. ఇంటింటికి తిరుగుతుంటే ఒకామె కాన్పుల ముచ్చట తీసి, తనకు తోచింది చెప్తున్నది. "గీడ సైదమ్మని ఉండె. బిడ్డ తొలి కాన్పుకు తల్లిగారింటికి తోల్కరాలేదు. అత్తగారింట్లనే నీళ్లాడింది పాపం. మాటలు పడ్డది. పుట్టిన పిల్లను సూడనీకి పోయినా సైదమ్మ ముట్టలేదట. ఎందుకే అంటే నోరిప్పదు. ఇంటాయన పోయినంక బిడ్డ రమ్మన్నా పోక, మిర్యాలగూడల రైస్‌మిల్లు పనికి పోయింది. గట్టి గుండె దానిది."

గట్టి గుండె. ఊరంతా కలిసి ఆమెకు ఆ పేరు పెట్టింది. క్లాసుకు తిరిగొచ్చి గుంపు మనిషిని ఎట్ల లాగుతదో పాఠం మొదలుపెట్టిన, నడుమనే ఆపేసిన. గుంపు నన్ను లాగలేదు. గుంపును లాగింది నేను. ఆ తర్వాత గుంపు లేని చోట కూడ, ఒక్క మనిషిని పట్టుకొని లాగిన.

మిర్యాలగూడ పోయిన. మిల్లులు తిరిగి తిరిగి ఆమెను పట్టుకున్న. వడ్లు ఎండబోసే కళ్లం పక్కన కూసొని సద్ది తింటున్నది. బక్కగైంది, మనిషి మాత్రం గట్టిగనే ఉన్నది. దగ్గు లేదు. నన్ను గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పిన, ఏమన్ననో చెప్పిన, అది అబద్ధమని, నాకు తెలిసే అన్ననని చెప్పిన. ఏడ్వలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సొస్తదని ఆపుకున్న.

ఆమె ముద్ద నమిలి మింగింది.

"నా మన్మరాలు ఆరో తరగతికొచ్చింది," అన్నది. "ఎత్తుకుంటనంటే సిగ్గుపడ్తది ఇప్పుడు."

ఆఖరి ముద్ద తిని కంచం చేతికి తీసుకున్నది.

"నాకు జెప్పినవ్ సరే. నా బిడ్డకు జెప్పు. అది నేను కావాలని దూరం పెట్టిననుకుంటున్నది. గా కోదాడకు పోయి జెప్పు." అని కంచం కడుక్కోను లేచిపోయింది. మళ్ల నా దిక్కు చూడలేదు.

కోదాడ పోయిన. బిడ్డ ఇల్లు బజారు మీదనే. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పిన. లోపలికి రమ్మనలేదు, రమ్మన్నా పోకపోదును. పక్కింటోళ్లు కూడ వింటున్నరు. విననీ అనుకున్న. సైదమ్మను గట్టి గుండెదన్నది నలుగురిలోనే, అది కాదని కూడ నలుగురిలోనే చెప్పాలె. ఆ బిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది.

"పురిటి నొప్పుల్లో నేను అమ్మా అని అరుస్తుంటే, మీ అమ్మకు నువ్వు బరువైనావు అన్నదండీ మా అత్త," అన్నది. "నేను నమ్మాను. ఇన్నేళ్లూ అదే నమ్మాను. వెళ్లండి ఇంక."

తలుపేసుకుంది. ఆమె చేసింది న్యాయం.

సార్‌కు ఫోన్ చేసి చెప్పిన. ఆయన చాన్నాళ్ల కిందనే రిటైరైండు. ఇప్పుడెందుకమ్మా ఇదంతా తవ్వుడు, నీ ఉద్యోగానికే మచ్చ అన్నడు. మచ్చ ఉన్నది గనకనే సార్ అన్న. నా క్లాసులో, నా పేరుతోనే, పిల్లలకు ఈ ముచ్చటంతా చెప్పిన. ప్రిన్సిపాల్ పిలిచి, కాలేజీ పేరు పోతది, ఉదాహరణ కోసం కల్పించిన కథ అని చెప్పండి అని సలహా ఇచ్చిండు. కల్పించిన మాట నేను ఒకసారి చెప్పిన, ఇగ చెప్పను అన్న. నోటీస్ ఇచ్చిన్రు. రేపు ఈ ఉద్యోగం ఉంటదో పోతదో తెలియదు. పోతే పోనీ.

ఇక్కడ పేరు రాయనిది నా భయానికి కాదు. నా పేరు పట్టుకొని ఎవరైనా సైదమ్మ కాడికి పోతరని. ఆ తల్లీ బిడ్డా కలిసిన్రో లేదో నాకు తెలియదు. అడగను. నా మనసు చల్లబడాలని వాళ్లు కలవాల్నా?

మీరు విన్నరు. మంచిదానివనో, ఇప్పటికైనా చెప్పినవనో అనబోకండి. అది వినడానికి రాయలేదు. తెలిసి చెప్పిన, దాచిపెట్టిన, ఆమె బతుకు అట్ల నడుస్తుంటే నేను పాఠాలు చెప్పుకుంటూ బతికిన. గొంతులో పెట్టుకున్న మాట ఇప్పుడు కాగితం మీద ఉన్నది. నాకు దక్కింది అదే, అంతకు మించి నాకేం రావొద్దు.