కూర్చోనివ్వని పల్లవి

మా బాబాయికి పాట ఎత్తుకోవడం వచ్చు గానీ ఆపడం రాదు. చర్చిలో ప్రార్థనకు ముందు అందరం నిలబడి పాడే పాట ఆయనదే. పాట అయ్యాకే కూర్చోవాలి. ఆయన చివరి పల్లవిని పట్టుకున్నాడంటే ఉడుంపట్టే. కీబోర్డు వాయించేది నేను కాబట్టి నా వేళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

"ఇంటికి రా, నీ చోటు నీకే ఉంది" అని ఆ పల్లవి. దేవుడు వాకిట్లో నిలబడి పిలుస్తున్నట్టుంటుంది. "పిలిచిన దేవుడికైనా కాళ్ళు లాగవూ?" అనేది పిన్ని.

బాబాయిది తాళాల రిపేరు కొట్టు. అక్కడా ఇదే పాట. ఒకావిడ తాళంచెవి పారేసుకుని పరుగున వచ్చింది.

"త్వరగా రండి బాబూ, ఇంట్లోకి పోవాలి."

"ఒక్క చరణమమ్మా," అని బాబాయి కళ్ళు మూసుకున్నాడు. పాపం, ఇంటికి రమ్మనే పాట వింటూ ఆవిడ వీధిలోనే నిలబడింది.

కొత్త పాస్టరుగారికి ఓపిక తక్కువ. "పల్లవి ఒక్కసారేనండీ. ఈసారి ఆపకపోతే పాట వేరేవాళ్ళకి అప్పజెబుతాను," అని తేల్చి చెప్పారు.

"అలాగే అయ్యగారూ," అన్నాడు బాబాయి. పాట పోతే ఆయనకి అన్నం సయించదని మాకు తెలుసు. పిన్ని వారమంతా నచ్చజెప్పింది.

ఆదివారం పల్లవి అయింది. జనం కూర్చోబోయారు. బాబాయి గుమ్మం వైపు చూసి మళ్ళీ అందుకున్నాడు. పిన్ని నెత్తి కొట్టుకుంది. పాస్టరుగారు విసవిసా వచ్చారు.

"ఏంటండీ ఇది? మాటిచ్చారుగా."

"మెట్ల మీద డ్రైవరున్నాడయ్యగారూ," బాబాయి గొంతు తగ్గించాడు. "మనం కూర్చుంటే అందరి చూపూ ఆయన మీదే పడుతుంది. పోయిన వారం మీరు పాట ఆపించగానే అలాగే తిరిగి వెళ్ళిపోయాడు. నిలబడి పాడుతుంటే ఎవరూ చూడరు."

తాగి బండి నడిపి జైలుకెళ్ళిన డ్రైవరు. విడుదలయ్యాక ఎవరింటి గడపా తొక్కలేదు. ఇన్నేళ్ళూ సిగ్గుపడి ఆలస్యంగా వచ్చినవాళ్ళందరూ ఈ పల్లవి చాటునే లోపలికి వచ్చారని నాకప్పుడు వెలిగింది. బాబాయి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

పాస్టరుగారు గుమ్మం వైపు ఓసారి చూసి, తన చోటికి వెళ్ళి తనే పల్లవి ఎత్తుకున్నారు. ఆయన శ్రుతి ఒక దారి, నా కీబోర్డు ఒక దారి. ఆ గోలలో డ్రైవరు తలవంచుకుని లోపలికొచ్చాడు. వెనక బెంచీలో టీచరమ్మ అటు చూడకుండానే తన సంచీ పక్కకి జరిపింది.

అంతే, బాబాయి టక్కున ఆపి కూర్చున్నాడు. అందరూ హమ్మయ్య అని కూలబడ్డారు.

వెనక నుంచి ఒక్క గొంతు మాత్రం ఆగలేదు. తల దించుకునే ఉన్న డ్రైవరు పాట అయిపోయిందని చూసుకోలేదు. "నీ చోటు నీకే ఉంది" అని అపశ్రుతిలో పాడుకుంటున్నాడు.

బాబాయి వెనక్కి తిరక్కుండానే లేచి గొంతు కలిపాడు. పిన్ని లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ అందరం లేచాం.

ఆ రోజు ప్రసంగం సగానికి కుదించాల్సి వచ్చింది. అందుకు కూడా జనం బాబాయికి చేతులెత్తి దణ్ణం పెట్టారు.