సామరస్య సంఘం వారి మేడ మీది వాటా

దివిసీమను ఉప్పెన ముంచి వెళ్లాక నేనొక పుస్తకం రాశాను. బందరు నుంచి ముస్లింలు వండి తెచ్చిన అన్నాన్ని నాగాయలంక వైపు ఊళ్లలో అన్ని కులాలవాళ్లూ ఒకే చోట కూర్చుని తిన్నారు. కళ్లారా చూశాను కాబట్టి రాశాను. ఆకలి తీరాక ఎవరి చెంబు వాళ్లు వెతుక్కున్నారు. అదీ రాశాను గానీ, ఆ అధ్యాయం దాకా ఎవరూ చదివినట్టు లేదు. మొదటిది మాత్రం సభల్లో తెగ పనికొచ్చింది. చుట్టుపక్కల ఎక్కడ మతసామరస్యం అవసరపడినా బందరులో ఉన్న నాకు కబురొచ్చేది. శాలువా కప్పి, మైకు ఇచ్చి, మనమంతా ఒక్కటే అని నా చేత అనిపించి రిక్షా ఎక్కించేవారు.

గుడివాడలో ఏకంగా ఒక సామరస్య సంఘమే పుట్టింది. దాని అధ్యక్షుడు రైసుమిల్లు ఆసామి, మాకు దూరపు చుట్టం, నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. హిందువులూ ముస్లింలూ నాకు రెండు కళ్లు అని ప్రతి సభలోనూ చెప్పేవాడు. ఆ రెండో కంటితో ఆయన ఎప్పుడేం చూశాడో నాకు తెలియదు. రచయిత్రిననీ, పైగా మనవాళ్లమ్మాయిననీ నన్ను కార్యదర్శిని చేశాడు.

ఆ రోజుల్లోనే బందరులో మా పక్క వీధిలో ఉండే లెక్కల టీచరుకి గుడివాడ ఆడపిల్లల బడికి బదిలీ అయింది. ఆవిడ ముస్లిం. పెళ్లి చేసుకోలేదు, చూపు పోయిన తల్లి తప్ప ఇంకెవరూ లేరు. తెల్లవారకముందే తల్లికి వండిపెట్టి రైలెక్కేది, చీకటి పడ్డాక దిగేది. పెడన స్టేషన్లో ఆ ప్యాసింజరు ఎవరి కోసం అంతసేపు ఆగేదో గానీ, బడికి రోజూ ఆలస్యమే. ఒక మధ్యాహ్నం తల్లి స్టవ్ వెలిగించుకోబోయి చెయ్యి కాల్చుకుంది. దాంతో గుడివాడలో ఇల్లు దొరక్కపోతే ఉద్యోగం మానుకోవడమే అన్నంత దాకా వచ్చింది. ఇల్లు చూపించేటప్పుడు అందరూ మర్యాదగానే ఉండేవాళ్లు. ఆవిడ పేరు చెప్పగానే ఇంటివాళ్ల మేనల్లుడికి పెళ్లి కుదిరి, కొత్త కాపురానికి ఆ వాటాయే కావలసి వచ్చేది. ఆ ఊళ్లో అన్ని పెళ్లిళ్లు ఒక్క వేసవిలో ఎలా కుదిరాయో ఆశ్చర్యం.

బాబాయిగారి మేడ మీది వాటా మాత్రం ఖాళీగానే ఉంది, బడి గంట వినపడేంత దగ్గరలో. నేను రెండుసార్లు అడిగాను. ఆలోచిద్దాంలే అన్నాడు. ఈలోగా పంద్రాగస్టు నాడు సహపంక్తి భోజనాలు పెట్టాలని సంఘం తీర్మానించింది. టీచర్ని ఆయన పక్కనే కూర్చోబెడితే పని జరుగుతుందని నాకు ఆశ పుట్టింది. కాకపోతే ఒక చిక్కు ఉంది.

"బాబాయిగారూ, అది రంజాను నెలండీ. వాళ్లు ఉపవాసం ఉంటారు," అన్నాను.

"మనం ఉండటంలా శనివారాలు? ఫలహారం చేస్తాంగా. వాళ్లకీ ఇడ్లీ, ఉప్మా చేయిద్దాం."

"పగలు మంచినీళ్లు కూడా ముట్టరండీ."

"మంచినీళ్లెందుకమ్మాయ్, కాఫీ ఇద్దాం."

అలాగే జరిగింది. జెండా ఎగరేశాక మిల్లు ఆవరణలో బంతి వేశారు. మావాళ్ల ఆకుల్లో పులిహోర, బూరెలు. పిలిచారు కదా, రాకపోతే బాగోదని వచ్చిన ముస్లిం పెద్దల ముందు పొగలు కక్కుతున్న ఇడ్లీలు. వంట చేసింది మన వంటవాడేనా అని ముందే కనుక్కుని మరీ వచ్చి కూర్చున్న మావాళ్లు, పక్కవాళ్లు ఆకు ముట్టకపోయేసరికి చిన్నబుచ్చుకున్నారు. ఫొటోగ్రాఫరు మాత్రం ఒక పెద్దాయన్ని బతిమాలుతున్నాడు, ఊరికే చెయ్యి ఆకులో పెట్టండి చాలని.

"మనం ఇంత దిగొచ్చి పక్కన కూర్చుంటే వాళ్లకి లోకువైపోయాం చూశావా," అన్నాడు బాబాయిగారు నా చెవిలో. నాకు ఒళ్లు మండిపోయింది.

మైకు టీచరు చేతికి వచ్చింది. స్త్రీల తరఫున రెండు మాటలు చెప్పమన్నారు.

"నమస్కారమండీ. మేము సాయంత్రం పొద్దుగూకాక తింటాం. ఈ ఇడ్లీలు అప్పటిదాకా పట్టుకుని కూర్చోడానికి ఈ ఊళ్లో నాకు ఇల్లు లేదండీ. అధ్యక్షులు గారి మేడ మీద వాటా ఖాళీగా ఉందంట. అద్దెకిస్తే మా అమ్మా నేనూ అక్కడ తింటాం."

సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు ఉన్నచోటే నిలబడిపోయాడు. అందరూ బాబాయిగారి వైపు చూశారు. "దాందేముందమ్మా, మన ఇల్లే అనుకో," అన్నాడాయన. చప్పట్లు కొట్టాం.

వారం తిరక్కుండా ఆ వాటాని ఆయన సామరస్య సంఘానికి ఆఫీసు కోసం ఉచితంగా ఇచ్చేశాడు. నిలువెత్తు రేకు బోర్డు రాయించి మెట్ల పైన తగిలించాడు. పేపర్లో ఫొటో పడింది. అడగబోతే, "ధర్మానికిచ్చింది మళ్లీ అద్దెకిస్తారటమ్మాయ్?" అని నన్నే మందలించాడు. ఇంటికొచ్చి కోపంతో ఏడ్చాను. సామరస్యాన్ని అడ్డం పెట్టి ఒక ముస్లింకి ఇల్లు లేకుండా చెయ్యొచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

అయితే ఆఫీసు తాళంచెవి కార్యదర్శి దగ్గరే ఉంటుంది. అది పట్టుకెళ్లి టీచరు చేతిలో పెట్టాను. ఆఫీసు చూసుకోడానికి మనిషి కావాలి, మీరొచ్చి ఉండండి అన్నాను.

"బోర్డు తీసేస్తే వస్తానక్కా. అమ్మనీ నన్నూ దానికింద బొమ్మల్లా నిలబెట్టొద్దు," అంది.

బోర్డు దింపించాను. తల్లీ కూతుళ్లు రెండు ట్రంకు పెట్టెలతో, ఒక నులక మంచంతో వచ్చి దిగారు. బాబాయిగారు పని మీద విజయవాడ వెళ్లి, వచ్చేసరికి కాపురం స్థిరపడింది. సంఘం ఆఫీసులోంచి ముస్లింలను గెంటేసిన సామరస్య సంఘాధ్యక్షుడు అని పేపర్లో పడితే ఎలా ఉంటుందో ఆయనకి నేను చెప్పనక్కర్లేకపోయింది.

అయినా ఒకరోజు పొద్దున్నే మెట్లెక్కి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ముసలావిడ మంచం మీద కూర్చుని చిక్కుళ్లకి ఈనెలు తీస్తోంది.

"బోర్డేదమ్మా?" అన్నాడు.

"నీళ్లతొట్టికి మూత లేదండీ, దాని మీద వేశాం. సరిగ్గా సరిపోయింది," అంది టీచరు. "టీ తాగుతారా?"

ఆయన గుమ్మం దాటలేదు. తొట్టి వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఉత్తరీయం సర్దుకున్నాడు.

"ఇవాళ శనివారం కదమ్మా. ఉపవాసం."

"అయితే ఇడ్లీలు పెడతానండీ, కూర్చోండి," అంది టీచరు.