మూడు ముక్కలు, పైన కొసరు

మా అన్న కొడుకు సంబంధం కోసం రంగత్ నుంచి పిల్ల తరఫువాళ్ళు బ్రూక్షాబాద్‌లోని మా ఇంటికి వచ్చిన రోజు, పొద్దున్నే వదినతో ఒక మాట అన్నాను. "చేపల సంగతి ఎత్తకు వదినా. పిల్ల తండ్రి బడి మాస్టారు."

అన్న పోయాక వదిన బజారులో చేపలు అమ్మి కొడుకుని చదివించింది. వాడికి హాడో రేవులో ఉద్యోగం వచ్చేదాకా మా అమ్మకి మందులు కొన్నది కూడా ఆ బుట్టే. నా మాటకి ఆవిడ "అలాగే బాబూ" అని, చేతులు నిమ్మచెక్కతో మరోసారి రుద్దుకుంది.

మాస్టారు, ఆయన భార్య, కొడుకు, తల్లి వచ్చారు. టీలు అయ్యాయి. వాన గురించీ బస్సు ప్రయాణం గురించీ మాటలూ అయిపోయాయి. వదిన తలుపు దగ్గర బొమ్మలా నిలబడింది. మాస్టారు గడియారం చూశారు. ఇలాగే లేచారంటే సంబంధం ఇక్కడితో సరి.

లోపలికెళ్ళి పేకకట్ట తెచ్చాను. ఓడ ఆలస్యమైనప్పుడు రేవులో నేను చేసే గారడీ ఒకటుంది. అందులో పంచాక ముక్కలు నేను ముట్టను; అంతా చూసేవాళ్ళ చేతుల్లోనే జరుగుతుంది. అందరికీ నాలుగేసి పంచాను. మాస్టారి తల్లి మా వదినని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాలుగూ కలిపి సగానికి చింపి, ఒక సగం కట్ట మీద రెండోది పెట్టండి."

"అరే భయ్యా, కొత్త పేక!" అన్నాడు మాస్టారి కొడుకు.

"చింపెయ్‌రా. నీ చేతిలో ఉంటే ఇంకా నష్టం," అంది వాళ్ళమ్మ. మొదటిసారి అందరూ నవ్వారు.

పైనుంచి ఇష్టమొచ్చినన్ని అడుక్కి పంపమన్నాను. తర్వాత పైనున్న మూడు తీసి మధ్యలో దూర్చమన్నాను. అప్పుడు పైకి వచ్చినదాన్ని చూడకుండా తొడ కింద దాచమన్నాను. మిగిలినవాటిని ఒకటి అడుక్కి, ఒకటి నేల మీదకి. అందరూ కలిసి పాటలా అంటూ వేస్తూ పోయారు. చివరికి ప్రతి చేతిలోనూ ఒక్క సగమే మిగిలింది.

"దాచింది తీసి జత పెట్టండి."

మాస్టారికి కళావరు రాజు అతికినట్టు కుదిరాడు. ఆయన కొడుకు "కమాల్ హై!" అని అరిచాడు. వదిన చేతిలో మాత్రం ఒక సగం ఇస్పేటు, ఒక సగం ఆఠీను.

గారడీ పరువు నిలబెట్టుకోవాలనిపించింది. "మూడంటే మూడే తియ్యాలి వదినా. ఆ లెక్క కూడా రాదా?" అని నవ్వాను. నాతో ఎవరూ నవ్వలేదు.

"మూడే తీసేను బాబూ," అంది వదిన తల వంచుకుని. "పైన కొసరేసేను. సెయ్యి ఆగనేదు." అని గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చేపలు ఎంచి ఇచ్చాక పైన ఒకటి వెయ్యకుండా వదిన ఏనాడూ బేరం ముగించలేదు. బుట్ట బయటపడిపోయింది.

పక్కనున్న ముసలావిడ తన గుప్పిట విప్పింది. అందులోనూ జత కుదరలేదు.

"నానూ అంతేనమ్మా! కొసరెయ్యకపోతే బేరం మల్లీ వత్తాదా?" అని వదిన తొడ మీద చరిచింది. "ఏ బజార్లో కూకునేదానివి? నా కొడుకు సేపల మాట ఎత్తొద్దన్నాడని ఇందాకట్నించి నోరు కట్టుకుని సత్తన్నాను!"

మాస్టారు తల దించుకున్నారు. నేనూ దించుకున్నాను. ఆ తర్వాత మా ఇద్దరితో ఎవరికీ పని లేకపోయింది. ఐసు కరిగిపోవడం గురించీ, గీసి గీసి బేరమాడేవాళ్ళ గురించీ వాళ్ళిద్దరి కబుర్లు వాన తగ్గినా ఆగలేదు. లేచేముందు "మా పిల్ల ఈ ఇంటికే," అంది ముసలావిడ.

వాళ్ళు వెళ్ళాక వదినని క్షమించమని అడిగాను. "ఆ గ్లాసులందుకో బాబూ, కడగాల," అంది. అందించాను.

సంబంధం నా గారడీ వల్ల కుదిరిందని బంధువులు ఇప్పటికీ అంటారు. కాదు. మా ఇంట్లో అందరం బతికినట్టే, అదీ వదిన కొసరు మీదే కుదిరింది.