ఫోనెత్తితే కరెంటు

ఆ వీధిలో లైన్‌మన్‌ని అందరూ కరెంటు బావ అనేవారు. ఆయన భార్య పుట్టింది, పెరిగింది ఆ వీధిలోనే. అందుకని పడుచువాళ్లకి ఆయన బావ, పెద్దవాళ్లకి అల్లుడు. స్తంభం ఎక్కినవాణ్ని ఇంకెక్కడైనా సార్ అంటారేమో గాని, సొంత వీధి అల్లుణ్ని ఎవరంటారు? కింద నిలబడి, "బావా, కాలు జారితే మా అక్కతో నీకే ప్రమాదం" అని వేళాకోళాలాడతారు.

కరెంటు పోతే తిట్టడం, వస్తే మరిచిపోవడం. ఆ ఉద్యోగానికి దక్కే మర్యాద అంతే. ఆయన దానికి అలవాటు పడిపోయాడు. అలాంటివాడికి ఉన్నట్టుండి పేరొచ్చింది. గొడవంతా అక్కడే మొదలైంది.

సంగతేమిటంటే, కరెంటు ఆఫీసువాళ్లు లైన్ల మీద అక్కడక్కడ తెలివైన స్విచ్చి పెట్టెలు బిగించారు. బిగించినవాళ్లలో బావ కూడా ఉన్నాడు. ఎక్కడైనా లైను చెడితే ఆ పెట్టెలు వాటిలో అవే మాట్లాడుకుని, చెడిన ముక్కని విడదీసి, మిగతా వీధులకి ఇంకోవైపు నుంచి కరెంటు మళ్లిస్తాయి. రోడ్డు తవ్వితే బళ్లు పక్క సందులోంచి పోయినట్టే. నిమిషంలో అంతా అయిపోతుంది. మనిషి కుర్చీలోంచి లేవక్కర్లేదు.

కానీ వీధికి పాత అలవాటు పోలేదు. లైటు ఆరగానే బావకి ఫోను. ఆయన జేబులోంచి తీసి "హలో" అనేలోపు అవతల ఫ్యాను తిరిగేది.

"వచ్చేసింది బావా! నువ్వెత్తావు, అది వచ్చింది. ఏం చెయ్యి బావా నీది!"

"నేనేం చెయ్యలేదయ్యా, ఆ పెట్టెలు..."

"సర్లే, నీ గొప్ప నువ్వెప్పుడు చెప్పుకున్నావు గనక!"

కాదన్నకొద్దీ పేరు పెరిగింది. ఒకసారి విసుగొచ్చి ఫోను మోగుతున్నా ఎత్తలేదు. అయినా కరెంటు వచ్చింది. "ఎత్తక్కర్లేదర్రా, మోగితే చాలు" అని ఇస్త్రీ బండాయన వీధంతా చాటాడు. ఇంకోసారి ఫోను భార్య చేతిలో పెట్టి చూశాడు. ఆమె ఎత్తింది, కరెంటు వచ్చింది. "ఇన్నేళ్ల కాపురంలో ఆ మాత్రం పట్టుబడదూ?" అన్నారు ఇరుగుపొరుగు ఆడవాళ్లు.

అత్తగారి లెక్క వేరు. "ఎంతమంది చేస్తే ఏం లాభం? నేను చేస్తేనే వస్తుంది. నా గొంతంటే అల్లుడికి హడల్" అని మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చెప్పేది. కుళాయిలో నీళ్లు రాకపోయినా, టీవీలో బొమ్మ కదలకపోయినా బావకే ఫోన్లు రావడం మొదలైంది.

చివరికి వీధి సంఘం అధ్యక్షుడే ఇంటికొచ్చాడు. మైకు కనిపిస్తే వదలని మనిషి.

"ఈ ఆదివారం మీకు సన్మానం. నిమిషంలో కరెంటు రప్పిస్తున్నందుకు" అన్నాడు.

బావకి ఇది నచ్చలేదు. చేసిన పనికి పేరు రాకపోతే పీడాపోయె. చెయ్యని పనికి జ్ఞాపిక పుచ్చుకుంటే తోటి లైన్‌మన్ల ముందు తలెత్తుకునేదెలా? వద్దందామంటే భార్య అప్పటికే అక్కచెల్లెళ్లందరికీ చెప్పేసింది.

"అది నా పని కాదని మైకులోనే చెప్పేస్తాను" అన్నాడు రాత్రి అన్నం దగ్గర.

"చెప్పండి, ఎవరొద్దన్నారు? పుచ్చుకున్నాక చెప్పండి" అంది ఆమె.

ఆయన అంతదాకా ఆగలేదు. ఆదివారం పొద్దున్న సంఘం హాల్లో కూర్చోబెట్టగానే లేచి, "ఇందులో నా గొప్పేమీ లేదు. కరెంటు దానంతటదే వస్తోంది" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

"చూశారా వినయం!" అని అధ్యక్షుడు మైకు లాక్కున్నాడు. "ఇటువంటి నిగర్విని నా యావజ్జీవితంలో..." అంటుండగా మైకు ఆగిపోయింది. ఫ్యాన్లూ ఆగిపోయాయి.

హాలంతా పకపకా నవ్వింది. నలుగురైదుగురు ఎదురుగా కూర్చున్న బావకే ఫోన్లు కొట్టారు. ఆయన జేబు మోగింది. కరెంటు రాలేదు. పక్క కుర్చీలోంచి అత్తగారు చేసింది.

"ఎత్తు నాయనా."

"మీరు పక్కనే ఉన్నారు కదా అత్తయ్యా!"

"ఎత్తితే నీ సొమ్మేం పోయింది?"

ఎత్తాడు. రాలేదు.

నిమిషం దాటేసరికి బావకి అర్థమైంది. చెడింది ఈ వీధి ముక్కే. పెట్టెలు మిగతావాళ్లందరికీ కరెంటు ఇచ్చేసి ఉంటాయి. దీన్ని మటుకు మనిషే బాగుచెయ్యాలి. కంట్రోల్ రూముకి ఫోను చేస్తే అక్కడి అమ్మాయి, "మీ వీధి మొదటి పెట్టెకీ చివరి పెట్టెకీ మధ్యన" అంది. పూర్వమైతే ఊరు ఊరంతా తిరిగి వెతకాలి. ఆ పెట్టెల మీద ఆయనకి మరింత గౌరవం కలిగింది.

డ్యూటీలో ఉన్న లైన్‌మన్ సామానుతో దిగాడు. "నువ్వు కూర్చో అన్నా, ఇవాళ పెళ్లికొడుకువి."

"నన్ను బతకనియ్యి, నేనెక్కుతాను" అని బావ చేతి తొడుగులు లాక్కున్నాడు.

స్తంభం స్తంభం చూసుకుంటూ నడిచారు. టైలరు దుకాణం ముందు స్తంభం మీద, తీగని మోసే పింగాణీ గుబ్బకి వెంట్రుకంత బీట, పక్కన నల్లటి మచ్చ. లైను ఆపినట్టు కంట్రోల్ రూములో ఖాయం చేసుకుని, తీగలో కరెంటు లేదని పరీక్ష చేసి, ఎర్తు తగిలించి, అప్పుడు ఎక్కాడు. పాత కట్టు విప్పాలి, తీగని పక్కకి ఎత్తిపెట్టాలి, గుబ్బ మార్చాలి, మళ్లీ కట్టాలి. ఎండ నెత్తి మీదకొచ్చింది.

కింద జనం చేరారు. "ఫోన్లో అయిపోయేదానికి స్తంభం దేనికి బావా?" అన్నాడొకడు. "వయసైపోయింది, మునపటి పవరు లేదు" అన్నాడు ఇస్త్రీ బండాయన.

బావ దిగి, ఎర్తు తీసి, కంట్రోల్ రూముకి చెప్పాక కరెంటు వచ్చింది. హాలుకి తిరిగెళ్తే అప్పటికే కుర్చీలు మడిచేస్తున్నారు. అధ్యక్షుడు ఇబ్బందిగా దగ్గాడు.

"మరేం అనుకోకండి. జ్ఞాపిక మీద నిమిషంలో అని చెక్కించాం. మీరేమో మధ్యాహ్నం చేశారు. ప్రస్తుతానికి వాయిదా వేద్దాం."

"చాలా సంతోషం సార్!" అన్నాడు బావ. అంత సంతోషం దేనికో అధ్యక్షుడికి అంతుబట్టలేదు.

సామాను సర్దుకోవడానికి మళ్లీ స్తంభం దగ్గరికి వస్తే టైలరు పిలిచి స్టూలు వేశాడు. కరెంటు మిషను ఆగిపోవడంతో ఆయన పొద్దుటి నుంచీ తల పైకెత్తుకునే కూర్చున్నాడు.

"ఆ పింగాణీ మెడకి తీగ చుట్టారే, చుట్టు మీద చుట్టు ఎక్కలేదు. చివర్న కొసని లోపలికి తోసేశారు. మా పనిలోనూ అంతే, కొస కనపడిందంటే చేతకానట్టు."

"ఇంత దూరానికి కనపడిందా?"

"సూదికి దారం ఎక్కించే కళ్లండీ. అది సరే, చుట్టు ఎటునుంచి మొదలెట్టారు, ఎడమా, కుడా?"

తన సర్వీసు మొత్తంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బావ బల్ల మీది లావు దారం అందుకుని, కత్తెర పిడి మీద చుట్టి చూపించడం మొదలుపెట్టాడు. టైలరు కళ్లజోడు సవరించుకుని ముందుకి వంగాడు.

భోజనానికి పిలవడానికి భార్య వచ్చింది. "సన్మానం లేదటగా? మా అక్కకి ఏమని చెప్పను?"

"ఆగవే, కొస తిప్పాలి" అన్నాడు ఆయన, దారం మీంచి చూపు తిప్పకుండా.