బావ చేని మట్టి

మా ఆయన అన్న, అంటే నాకు బావ, ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. నిజాం కాలంలో, నారాయణఖేడ్ దగ్గర మా ఊళ్లో అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు, తాతల నాటి నుంచి శనగ పండే నల్లచేను తను ఉంచుకుని, శనగ ఎరగని బీడు మాకు వదిలాడు. పెద్దవాడు కదా, పంచింది ఆయనే.

తొలి ఏడు మా శనగ పసుపు పూసినట్టు పాలిపోయింది. మళ్లీ అలాగే అయితే చేను విడిచి కూలికి వలస పోవడమే. మా దగ్గర దీనికొక పద్ధతి ఉంది. శనగ బాగా పండే చేను నుంచి గంపెడు మట్టి తెచ్చి కొత్త చేనులో విత్తనాలతో కలిపి చల్లుతారు. ఆ మట్టి అడిగితే పగవాడికైనా కాదనరు. బావ కాదన్నాడు. మట్టితో పాటు చేని బర్కత్, అంటే కలిసొచ్చే సిరి, పోతుందట. పైగా అంటుకున్న మట్టి మా చేనికి చేరుతుందన్న అనుమానంతో తన కూలివాళ్లను గట్టు మీద నిలబెట్టి కాళ్లు దులిపించాడు. ఎడ్ల గిట్టలు కూడా పుల్లతో గీకించాడు. అలాంటివాడికి వంగి దండం పెట్టిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ రోత.

శనగను కోయరు, వేళ్లతో సహా పీకుతారు. కళ్లంలో కొట్టాక గింజా పొట్టూ ఇంటికి చేర్చుకుని, మట్టి పట్టిన వేళ్లను ఆ మహానుభావుడు బండికెత్తించి మా చేనులో గుమ్మరించాడు. మా బీడు ఆయనకు చెత్తకుప్ప. మా ఆయన కట్టె పట్టుకుని బయల్దేరాడు. నేనొక మోడు తీసి చూశాను. వేళ్ల నిండా, పాలిపోయిన మా శనగకు లేని, జొన్నగింజలంత బుడిపెలు, వాటి సందుల్లో నల్లమట్టి. నాకు నవ్వాగలేదు.

"సప్పుడు చెయ్యకు. దున్నెయ్యి" అన్నాను.

మరుసటి ఏడు మా శనగ ముదురాకుపచ్చగా, మోకాలెత్తు లేచింది. బావ గట్టు మీదికొచ్చి ఒక చెట్టు పీకి, వేళ్లకున్న బుడిపెలు చూసి మండిపడ్డాడు.

"గిది నా చేని బర్కత్. నా మట్టి నాకియ్యుండ్రి."

నీ బండిలో వచ్చిందే, ఏరుకుని పట్టుకుపొమ్మన్నాను. మర్నాడు సిగ్గులేకుండా నిజంగానే గంపతో వచ్చాడు. మట్టి అడిగితే కాదనకూడదు కనుక, ఓ మూల తవ్వుకోనిచ్చాం. నింపిన గంప నెత్తికెత్తుకుని గట్టెక్కుతుంటే ఆపాను.

"కాళ్లు దులుపుకొని పో, బావా."

దులుపుకునే పోయాడు.