ముందు గొంతు వెళ్ళనివ్వండి

కొత్త నెట్‌వర్క్ స్విచ్‌కు కరెంటు ఇవ్వగానే లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా గుర్రుమంటాయి. పక్కవాళ్ళ మాట వినపడదు. కాసేపయ్యాక ఎవరూ ఏమీ చేయకుండానే ఆ మోత తగ్గి సన్నటి రొదలోకి దిగుతుంది. నిన్న పొద్దున ఫిల్మ్ నగర్‌లోని మా స్టూడియోలో పాత స్విచ్ తీసి కొత్తది బిగించాం. ఆ గుర్రు వినగానే నాకు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపూ వచ్చింది. విశాలాక్షి మేడం ఉండి ఉంటే, “అలిగి లేచారండీ వీరు, కాసేపు పలకరించకండి” అనేవారు. మనుషులనే కాదు, మిషన్లను కూడా ఆవిడ ‘అండీ’ అనే పిలిచేవారు. ఆవిడ పోయిన ఈ కొద్ది నెలల్లో మా మిషన్ రూములో ‘అండీ’ అన్న మాటే వినపడటం లేదు. అందరం ఒరేయ్ అనీ, దీని మొహం మండా అనీ తిట్టేవాళ్ళమే మిగిలాం.

మీరు ఆవిడను చూసి ఉండరు. స్టూడియోకు రోజూ వచ్చే వాళ్ళల్లో కూడా చాలామంది చూడలేదు. పొట్టి మనిషి, అమలాపురం వైపు ఆవిడ. ఏసీ చలికి నేత చీర మీద మగవాళ్ళ స్వెటర్ తొడుక్కుని, స్టూడియో మొత్తానికి నెట్‌వర్క్ చూసేవారు. ఎడిటింగ్, గ్రాఫిక్స్, డబ్బింగ్, నిర్మాతల ఆఫీసులు, అన్ని గదుల తీగలూ ఆ స్విచ్‌లలోకే వచ్చి కలుస్తాయి. బొమ్మ కదిలినా, మాట వినపడినా వాటి గుండా వెళ్ళాల్సిందే. నేను బోరబండ నుంచి స్కూటీ మీద ఇంటర్వ్యూకు వెళ్ళాను. నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. ఎదుటివాళ్ళు సగం మాట అనగానే మిగతా సగం నేనే అనేస్తాను. ఆవిడ ప్రశ్న సగంలో ఉండగానే జవాబు మొదలుపెట్టాను.

“అమ్మాయ్, నా ప్రశ్న ఇంకా అవలేదు” అన్నారు.

“ఏమడుగుతరో సమజైంది మేడం.”

“అయితే అయింది. నాకు ముచ్చటగా పూర్తిచేసుకోవాలని ఉంది, ఉండు.”

పోయింది ఉద్యోగం అనుకున్నాను. మర్నాడే రమ్మన్నారు. ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆవిడ కింద పనిచేసినా, నా మాట మధ్యలో ఆవిడ అందుకోవడం నేను ఎరగను. నేను మాత్రం అందుకుంటూనే ఉండేదాన్ని. ఆవిడ ఆగి, నేను ముగించేదాకా చూసి, తన వాక్యం ఎక్కడ తెగిందో అక్కడినుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు. ఒళ్ళు మండేది నాకు.

మా పనిలో సగం వరస పెట్టడమే. ఎంత పెద్ద ఫైలైనా చిన్న చిన్న ముక్కలుగానే వెళుతుంది. తీగ ఖాళీగా ఉన్నప్పుడు ఎవరికీ గొడవ లేదు. అందరూ ఒకేసారి పంపినప్పుడు స్విచ్ ముక్కలను వరసల్లో నిలబెట్టి ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చాలి. వరస నిండిపోతే మిగిలిన ముక్కలు కింద పడిపోయినట్టే, ఇక చేరవు. ఆ తేల్చడం కోసం ఒక్కో ముక్కకు ఒక్కో గుర్తు వేస్తాం. దీన్నే పుస్తకాల్లో క్వాలిటీ ఆఫ్ సర్వీస్ అంటారు, నేను కాలేజీలో బట్టీ పట్టిందీ అదే. మేడం నాకు మా క్యాంటీన్‌లో, చేతిలో ఇడ్లీ ముక్కతో చెప్పారు. “పెళ్ళిలో మొదటి బంతికి ఎవర్ని కూర్చోబెట్టాలి? పట్టుపంచెల వాళ్ళనా? కాదు. షుగరున్న వాళ్ళనీ, పసిపిల్లల్నీ. ఆగితే కళ్ళు తిరిగేది వాళ్ళకి. అలాగని వాళ్ళకే కూరంతా వడ్డించేశామనుకో, రెండో బంతి వాళ్ళు మన పరువు తీస్తారు. ముందు పెట్టు, కానీ కొలిచి పెట్టు. అంతే ఈ విద్య.” అంతకంటే బాగా చెప్పిన మాస్టారు నాకు దొరకలేదు.

నేను చేరేనాటికి మా స్టూడియోలో రెండో బంతి అన్నదే లేదు. అందరూ మొదటి బంతే! ఫిల్మ్ నగర్‌లో ‘కాదు’ అన్న మాట ఎవరూ ఎవరికీ చెప్పరు. ఫలానా హీరో గారి మేనేజర్ వచ్చి “సార్ వాళ్ళది, ముందు పోవాలి” అంటే, పాత ఇంజనీర్లు ఆ గది ముక్కలు ముందు వెళ్ళేలా పైగుర్తు వేసేవారు. వేసిన గుర్తును తీయడం ఇంకా పెద్ద తప్పు. పోస్టర్ మీద పేరు చిన్నది చేసినంత అవమానం. సినిమా అయిపోయి, ఆడి, పోయి, ఆయన ఈ వైపు రావడమే మానేసినా ఆయన గది గుర్తు ఆయన గదిదే. ఆ గదిలో విరిగిన కుర్చీలు పెట్టుకుంటున్నారు, వాటికీ వీఐపీ మర్యాదే. అందరూ ముందున్నవాళ్ళే అయ్యాక స్విచ్ మాత్రం ఏం చేస్తుంది? ఎవరు తోసుకుంటే వాళ్ళది.

మేడం దీన్ని స్విచ్ దగ్గర కూర్చుని సరిచేయలేదు. గది గదికీ తిరిగారు, నన్ను వెంటేసుకుని. ప్రతి గదిలో కాసేపు కూర్చుని, వాళ్ళు చేసే పని చూసి, ఒక్కటే అడిగేవారు. “మీది ఆలస్యమైతే ఏమవుతుందండీ?” గ్రాఫిక్స్ వాళ్ళు తలలు గోక్కుని, “ఏం కాదు మేడం, టీ తాగొస్తాం” అన్నారు. ఎడిటింగ్ వాళ్ళు కొంచెం కసురుకున్నారు. నాకైతే ఈ ఊరేగింపు ఎందుకో అర్థం కాలేదు. “మేడం, గీ మాట ఫోన్‌ల అడిగితే కాదా?” అంటే, “ఫోన్లో అందరూ కొంపలు మునుగుతాయనే అంటారు స్వప్నా” అన్నారు. అలా, ఆగితే చెడే డబ్బింగ్ గదిది తప్ప, ఒక్కో పైగుర్తూ తీసుకుంటూ వచ్చారు. ఒక పెద్ద నిర్మాత గారి ఆఫీసుది ఒక్కటే మిగిలింది. దాన్ని ముట్టుకోవద్దని స్టూడియో యజమాని గారు గట్టిగా చెప్పారు. మేడం ‘సరేనండీ’ అని ఊరుకున్నారు.

సుభద్రమ్మ గారి సంగతి ఆ ఏడాది ఎండాకాలంలోనే జరిగింది. ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద అమ్మల మొహాలు మారుతుంటాయి గానీ, లోపలి గొంతు చాలాసార్లు ఆవిడదే. గొంతులో ఏదో గడ్డ అని తేలింది. ఆ వారంలోనే ఆపరేషన్. తర్వాత గొంతు ఎలా ఉంటుందో, అసలు ఉంటుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. అప్పటిదాకా ఎక్కువ మాట్లాడొద్దన్నారు కూడా. ఒక సినిమాలో ఆఖరి సన్నివేశం మిగిలిపోయింది. జైలు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ కొడుకుతో తల్లి మాట్లాడే సన్నివేశం. అది కూడా తన గొంతుతోనే పూర్తి చేస్తానని ఆవిడ పట్టుబట్టి వచ్చారు. లేకపోతే ఆ కాస్తా ఇంకొకరితో చెప్పిస్తారు. దర్శకుడు సంగీతం పని మీద చెన్నైలో ఉన్నారు. అక్కడి నుంచే లైన్‌లో వింటూ, ఎలా చెప్పాలో ఆవిడకు చెబుతున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక డబ్బింగ్ థియేటర్ నుంచి మాకు కబురొచ్చింది, చెన్నైకి మాట తెగిపోతోందని. నేను సరాసరి మిషన్ రూముకు పరుగెత్తబోయాను. మేడం నా చున్నీ పట్టుకుని డబ్బింగ్ గదికే తీసుకెళ్ళారు. సుభద్రమ్మ గారు మైకు ముందు స్టూలు మీద కూర్చున్నారు, ఒళ్ళో వేడినీళ్ళ ఫ్లాస్కు. మేం గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆవిడ కళ్ళు మూసుకుని, “తలుపు తీసే ఉంది నాన్నా, లోపలికి రా” అన్నారు. బోరబండలో మా అమ్మ పిలిచినట్టే ఉంది. అంతలో స్పీకర్లోంచి దర్శకుడు, “అమ్మా, సారీ, మధ్యలో పోయింది. వన్స్ మోర్” అన్నారు. ఆవిడ మళ్ళీ చెప్పారు. మళ్ళీ వన్స్ మోర్. ఇక్కడ రికార్డింగ్ శుభ్రంగానే అవుతోంది, ఆయనకు చేరేదే ముక్కలుగా చేరుతోంది. వినపడని దాన్ని బాగుందని ఆయన మాత్రం ఎలా అంటారు?

సుభద్రమ్మ గారు మావైపు తిరిగారు. “పోతోందిటమ్మా. నాకు తెలియడం లేదు గానీ, నా గొంతే పోతోందేమో. ఇంక వద్దని చెప్పేస్తాను” అన్నారు. ఆ మాట అంటూ సన్నగా నవ్వబోయారు, దగ్గొచ్చింది.

మేడం దగ్గరికి వెళ్ళి ఫ్లాస్కు మూత తీసి నీళ్ళు పోసిచ్చారు. “మీ గొంతు బాగుందండీ. చాలా బాగుంది. పోతున్నది మా తీగల్లో. ఈ నీళ్ళు తాగుతూ ఉండండి, వచ్చేస్తాం” అన్నారు.

మిషన్ రూములో చూస్తే ఏముంది, బయటికి వెళ్ళే దారి నిండా నిర్మాత గారి ఆఫీసు నుంచి పోతున్న ఫైలే. ఆ సాయంత్రం విడుదల చేయాల్సిన పెద్ద సినిమా ట్రైలర్. దానికీ పైగుర్తే, సుభద్రమ్మ గారి మాటకూ పైగుర్తే. ఏనుగూ మనిషీ ఒకే తలుపులో దూరినట్టుంది. “మేడం, డబ్బింగ్ వరస జర పొడుగు జేద్దమా? ఎక్కువ ముక్కలు ఆగుతయి, కింద పడయి” అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. “అప్పుడు తెగదు, కానీ ఆలస్యంగా చేరుతుంది. ఆయన ఆపండమ్మా అనేసరికి ఈవిడ ఇంకో నాలుగు మాటలు చెప్పేసి ఉంటారు. ఒక్క మాట కూడా వృథా కాకూడదు స్వప్నా, ఆవిడ దగ్గర ఎన్నో లేవు” అన్నారు. స్వెటర్ చేతులు పైకి లాక్కుని, ముట్టుకోవద్దన్న ఆ గుర్తును తీసేసి, ట్రైలర్‌ను వెనక వరసలోకి పంపారు. పైవరసలో డబ్బింగ్ గదిని ఒక్కదాన్నే ఉంచారు. దానికీ ఒక హద్దు పెట్టారు. ఆ తొందరలో కూడా కొలిచే వడ్డించింది మహాతల్లి!

ఇంకా కుర్చీలోంచి లేవలేదు, ప్రొడక్షన్ మేనేజర్ మల్లేశ్ గారు ఊడిపడ్డారు.

“ఏంది మేడం గిది? సార్ ట్రైలర్ ఆపిన్రట!”

“ఆపలేదండీ. వెనక నడిపిస్తున్నాం.”

“ఎన్కనా! ఎవర్దనుకుంటున్నరు? సార్ ఫోన్ మీద ఫోన్ కొడ్తుండు, నా పానం తీస్తుండు!”

“ఎవరిదని నేను అడగనండీ. ఆలస్యమైతే ఏమవుతుంది?”

“ఏమైతది... సాయంత్రం లోపల పోకుంటే నా నౌకరి పోతది.”

“సాయంత్రం లోపల పోతుందండీ, నాది పూచీ. అందులో ముక్క పడిపోయినా అదే మళ్ళీ పంపుకుంటుంది, చివరికి చెక్కుచెదరకుండా చేరుతుంది. ఆవిడ మాటలో ముక్క పడితే మనం ఎక్కడినుంచి తేగలం? నాతో ఒక్కసారి రండి.”

డబ్బింగ్ గది అద్దం దగ్గరికి తీసుకెళ్ళారు. లోపల సుభద్రమ్మ గారు మళ్ళీ మైకు ముందుకు జరుగుతున్నారు. మల్లేశ్ గారు ఆవిడను చూసి గొంతు తగ్గించారు. “సుభద్రమ్మ గారా? గొంతు ఆపరేషన్ అన్నరు, గామెనే గదా? జర ముందుగల చెప్పొద్దా మేడం.” అంతలో ఆయన ఫోన్ మోగింది. “ఆఁ సార్, పోతుంది సార్. గీడ మస్తు వాన, లైన్ జర స్లో ఉన్నది. మీరు ఫికర్ జేయకున్రి” అన్నారు. బయట ఎండకు కార్ల మీద కోడిగుడ్డు వేగేలా ఉంది. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

సుభద్రమ్మ గారు చెప్పారు. “తలుపు తీసే ఉంది నాన్నా, లోపలికి రా.” స్పీకర్లో చప్పుడు లేదు. మళ్ళీ తెగిందేమో అనుకున్నాను. ఏదో అనబోయాను, మేడం నా చెయ్యి నొక్కారు. కాసేపటికి దర్శకుడి గొంతు, “అమ్మా, ఓకే అమ్మా” అంది. ఏడుస్తున్నారని తెలిసిపోతోంది. మిగిలిన సన్నివేశమంతా ఆగకుండా సాగింది. ట్రైలర్ సాయంత్రం కాకముందే చేరింది. చెప్పకుండా గుర్తు తీసినందుకు యజమాని గారు పిలిచి కేకలేశారు. “నేనే తీశానండీ, అమ్మాయికి సంబంధం లేదు” అని మాత్రం చెప్పి, మేడం అక్షింతలు వేయించుకుని వచ్చారు. ఆ గుర్తును మళ్ళీ వేయలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు.

ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు, గొంతే దక్కలేదు. గాలి కలిసిన గుసగుస మిగిలింది, అది కూడా రెండు మూడు మాటలకే అలసిపోతుంది. సినిమా విడుదలయ్యాక మేం ముగ్గురం ఎర్రగడ్డ దగ్గర ఒక థియేటర్‌లో చూశాం. గుమ్మం సన్నివేశం వచ్చినప్పుడు మా వెనక వరసలో ఎవరో ఆడమనిషి బావురుమంది. సుభద్రమ్మ గారు తెర వైపు కాకుండా వెనక్కి తిరిగి, ఆ మనిషి కన్నీళ్ళు తుడుచుకునేదాకా ఆవిడనే చూశారు. నేను ఏడ్చాను. దాచుకోవడం దేనికి, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు మేడం కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నిన్న కొత్త స్విచ్‌లో వరసలన్నీ పెట్టడం పూర్తయ్యేసరికి సుభద్రమ్మ గారి నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ మామూలుగా మెసేజ్ పెడతారు, ఫోన్ చేయరు. మేడం గుర్తొచ్చారట. “మీ మేడం గారు...” అని ఆగిపోయారు. ఊపిరి లాక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అంతలో బల్ల మీద రెండో ఫోన్ మోగింది, మా యజమాని గారు. ‘మంచివారు కదండీ’ అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. రెండో ఫోన్ మోగి మోగి ఆగి, మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. మోగనిచ్చాను. ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ ఊపిరి అందింది.

“నా గొంతు బాగుందని... నాకు చెప్పిన... ఆఖరి మనిషమ్మా” అన్నారు.