లింగమూర్తి ఫోటోల మీద లోహిత్ ముద్ర

మణికొండలో లింగమూర్తి తీసిన ఫోటోను ఓ దుకాణదారు అడగకుండా బోర్డు మీద వేసుకుంటే, లింగమూర్తి నడిబజార్లో నిలబడి ఆ బోర్డు దింపించాడు. అక్క భూలక్ష్మి అది కళ్ళారా చూసింది. సినిమా షూటింగుల్లో ఎండకు మాడి ఫోటోలు తీసి బతికిన మనిషి, ఊరుకుంటాడా మరి?

మొన్న భూలక్ష్మి ఇంటి పైభాగంలో కిరాయికుండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు లోహిత్, ఓ పాతకాలం నటి మీద తాను నడిపే వెబ్‌సైటును లింగమూర్తికి ఫోన్లో మురిసిపోతూ చూపించాడు. చూస్తే అన్నీ లింగమూర్తి తీసిన ఫోటోలే! మూలనున్న అతని పేరు కత్తిరించి, నట్టనడుమ తన వెబ్‌సైటు ముద్ర గుద్దుకున్నాడు.

"గా ముద్ర ఎందుకురా?"

"ఎవరూ కాపీ కొట్టకుండానండి. నేనైతే రూపాయి సంపాదించట్లేదు, అంతా అభిమానమే."

"దొంగసొత్తుకు తాళమేస్తున్నవా! అమ్ముకోకుంటే దొరవైతవా? ఆమె నీకు దేవత, ఆమెను గంత అందంగ చూపిన నేను గడ్డిపోచనా?"

లోహిత్ నవ్వేసి మెట్లెక్కిపోయాడు. ఆ నవ్వుకు పక్కనే ఉన్న భూలక్ష్మికే ఒళ్ళు మండింది. లింగమూర్తి ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, నేను పోతే చెయ్యి లేస్తది, నువ్వే పో. ఫోటోలు తీసెయ్యమనకు, ఆమెను లోకం చూడనీ. వాని ముద్ర చెరిపి, ఒక్కోదాని కింద నా పేరు రాసేదాక వాని గడపల నుంచి లేవకు" అన్నాడు.